తోట బృందంలో చేరాలా? ముందు కంపోస్ట్ కుప్ప దగ్గరికి వెళ్లండి

రసాయనాలు లేకుండా మొక్కలు పెంచాలి, నేలను బాగుచేయాలి అనుకునేవాళ్లకు బృందాల కొరత లేదు. చిక్కల్లా అన్నీ ఒకే భాష మాట్లాడటమే. ఏ కరపత్రం తిప్పినా సేంద్రియం, నేల ఆరోగ్యం, జీవవైవిధ్యం, అందరం కలిసి అనే మాటలే. తీరా లోపలికెళ్తే ఒకచోట ఎవరి మడిలో వాళ్లు టమాటాలు పెంచుకుంటూ ఉంటారు. ఇంకోచోట వాగు గట్టున గొంతుక్కూర్చుని కలుపు పీకుతుంటారు. మరోచోట బల్ల చుట్టూ చేరి విత్తనాలు పొట్లాలు కడుతుంటారు.

నేను పన్నెండేళ్లలో నాలుగు బృందాల్లో చేరాను, రెండింటి నుంచి బయటికొచ్చేశాను. అవి చెడ్డవేం కావు. నాకు కావాల్సింది ఒకటి, వాళ్లు చేసేది ఇంకొకటి. చేరేముందు ఒక్క పూట వాళ్లతో పనిచేసి ఉంటే ఆ సంగతి అప్పుడే తెలిసిపోయేది. అందుకని ఇక్కడ ఆశయాలను పోల్చడం లేదు, ఆశయాలు అందరివీ మంచివే. వారం వారం మీ చేత ఏ పని చేయిస్తారు, మీకేం దక్కుతుంది, ఎక్కడ తేడా కొడుతుంది అన్నవే చూద్దాం.

సొంత మడా, ఉమ్మడి తోటా?

పంట చేతికి రావాలి అనుకునేవాళ్లు చూడాల్సినవి సామూహిక తోటలు. వీటిలో రెండు రకాలు. ఒకదాంట్లో స్థలాన్ని మడులుగా విడగొట్టి ఒక్కొక్కరికి ఒక్కొక్కటి ఇస్తారు. రెండోదాంట్లో తోటంతా అందరిదీ. పనీ ఉమ్మడే, పంటా ఉమ్మడే.

సొంత మడిలో ఏం వేయాలో, ఎప్పుడు వేయాలో మీ ఇష్టం. తప్పు చేసినా మీదే. కానీ కొత్తవాళ్లు బోల్తాపడేది మడి సైజు దగ్గర. బ్రిటన్‌లో అలాట్‌మెంట్ అని ఇచ్చే మడి పాత లెక్క ప్రకారం సుమారు 250 చదరపు మీటర్లు. ఉద్యోగం చేసుకుంటూ వారానికి ఒక పూట వచ్చే మనిషికి అది మడి కాదు, అప్పు. రెండు వారాలు వెళ్లకపోతే కలుపు మోకాలెత్తు లేస్తుంది. ఆ తర్వాత అటువైపు చూడ్డానికే మొహం చెల్లదు. పూర్తి మడి ఇస్తామన్నా సగమో పావో అడగండి. పాతిక చదరపు మీటర్లను శుభ్రంగా ఉంచగలిగితే మొదటి ఏడాదికి అదే గొప్ప.

ఉమ్మడి తోటలో ఈ బెంగ ఉండదు. మీరు రాని వారం ఇంకెవరో నీళ్లు పోస్తారు. పక్కన పనిచేసేవాళ్ల చేతులు చూసి నేర్చుకునేది చాలా ఉంటుంది. నారు పీకి నాటేటప్పుడు వేళ్లు ఎలా పట్టుకోవాలో ఏ వీడియోలోనూ నాకు అంతగా అర్థం కాలేదు. గొడవలు వచ్చేది పంట పంచుకునేటప్పుడే. పని చేసినవాళ్లకు పిడికెడు, ఫొటోకి వచ్చినవాళ్లకు సంచెడు అయితే ఆ తోట రెండో ఏడాదికి నిలవదు. ఎవరు ఏ రోజు నీళ్లు పెట్టాలి, కోసినదాన్ని ఎలా పంచుకోవాలి అన్నది గోడ మీద రాసి ఉందా అని చూడండి. నోటిమాట మీద నడిచే తోటలూ ఉంటాయి గానీ అవి సాధారణంగా ఒక్క మనిషి ఓపిక మీద నడుస్తుంటాయి. ఆ మనిషికి జబ్బు చేస్తే తోటకీ జబ్బే.

నన్నడిగితే కొత్తవాళ్లు ఒక సీజన్ ఉమ్మడి తోటలో చేసి, తర్వాత మడి తీసుకోవడం మేలు.

ఏ రకమైనా స్థలం ఎవరిదో అడగకుండా పలుగు పట్టకండి. న్యూయార్క్‌లో 1973లో లిజ్ క్రిస్టీ అనే ఆవిడ, ఆమె స్నేహితులు పాడుబడిన ఖాళీ స్థలంలో చెత్తంతా ఎత్తేసి తోట వేశారు. ఆ ఊళ్లో సామూహిక తోటల ఉద్యమం అక్కడి నుంచే పెరిగింది. అదే నగరంలో 1999లో నగర పాలకులు వందకు పైగా తోటల స్థలాలను వేలానికి పెట్టారు. చివరికి స్వచ్ఛంద సంస్థలు డబ్బు పెట్టి కొని కాపాడాయి కాబట్టి సరిపోయింది. నేల బాగుపడటానికి ఏళ్లు పడుతుంది, అది పోవడానికి ఒక్క నోటీసు చాలు. ఒప్పందం ఏడాదికేడాది రాసుకునేది అయితే పండ్ల చెట్ల జోలికి పోకుండా కూరలు, ఆకుకూరలతో సరిపెట్టుకోవచ్చు.

ఇంకో మాట కూడా అడగండి, మట్టి పరీక్ష చేయించారా అని. పాత ఇళ్ల రంగుల నుంచి, ఒకప్పటి సీసం కలిపిన పెట్రోలు నుంచి నగరాల మట్టిలో సీసం చేరి ఉండొచ్చు. ఎంత సేంద్రియంగా సాగు చేసినా అది కరిగిపోదు. అలాంటిచోట ఎత్తుగా పెట్టెలు కట్టి, బయటి నుంచి మంచి మట్టి తెచ్చి పోసి పెంచుతారు. పరీక్ష కాగితం చూపించమంటే చిరాకు పడే బృందం మీకొద్దు.

స్థలం లేనివాళ్లకు విత్తనాలు

బాల్కనీలో నాలుగు కుండీలు తప్ప ఏమీ లేవా? అయితే విత్తనాల బృందం మీకు నప్పొచ్చు. అమెరికాలో సీడ్ సేవర్స్ ఎక్స్ఛేంజ్ 1975లో మొదలైంది. దాన్ని పెట్టిన దంపతులకు భార్య వైపు తాతగారి నుంచి ఒక టమాటా రకం, ఒక పూలతీగ విత్తనాలు అందాయి. ఆ విత్తనాలు ఇంకెక్కడా దొరకవన్న స్పృహే దానికి ఆధారం. బ్రిటన్‌లో 1950ల్లో లారెన్స్ హిల్స్ స్థాపించిన సంస్థ ఇప్పుడు గార్డెన్ ఆర్గానిక్ పేరుతో నడుస్తోంది. వాళ్లకు విత్తన గ్రంథాలయం ఉంది. దుకాణాల్లో కనపడని కూరగాయల రకాలను సభ్యులు తీసుకుని పెంచుకుంటారు.

ఇక్కడి పనిలో మట్టి కంటే లేబుళ్లు ఎక్కువ. రకం పేరు, కోసిన ఏడాది, పక్కన ఏం వేశారు అన్నవి రాయడం విసుగనిపించేవాళ్లు రావద్దు. చిక్కుడు జాతి గింజలు, టమాటా సులువు. అవి చాలావరకు తమంతట తామే పరాగసంపర్కం చేసుకుంటాయి. గుమ్మడి కుటుంబం అలా కాదు. పక్కింటి గుమ్మడి పుప్పొడిని తేనెటీగ మోసుకొస్తే, ఈ ఏడు కాయ మామూలుగానే ఉంటుంది. దాని గింజ నాటినప్పుడు బయటపడుతుంది అసలు సంగతి. మొక్కజొన్న ఇంకా కష్టం, రకం బలహీనపడకుండా ఉండాలంటే వంద మొక్కలకు తక్కువ కాకుండా వేయాలి. కాబట్టి గుమ్మడి విత్తనం ఎలా కాపాడతారని ఒక్క ప్రశ్న వేయండి. పువ్వు విచ్చుకోకముందు సాయంత్రం కట్టేసి, పొద్దున చేత్తో పుప్పొడి అద్ది, మళ్లీ కడతాం అని చెప్పినవాళ్లు పని తెలిసినవాళ్లు. మిగిలిన పొట్లాలు ఇచ్చిపుచ్చుకునే బృందాలూ సరదాగానే ఉంటాయి. ఎటొచ్చీ దాన్ని విత్తన సంరక్షణ అనుకోకూడదు.

కంపోస్ట్ బృందాలు, ఒక పెంట కథ

ఈ రకానికి గ్లామర్ తక్కువ. వంటింటి చెత్త, ఎండుటాకులు సేకరించి ఎరువు చేసి పంచుకుంటారు, అంతే. నాకు మాత్రం మనుషుల గురించి, నేల గురించి ఎక్కువ నేర్పింది ఇలాంటి బృందమే.

సరిగా నడుస్తున్న కుప్ప దగ్గరికి వెళ్లి పైపొర పక్కకు తీసి మోచేతి దాకా చెయ్యి పెడితే, ఎక్కువసేపు ఉంచలేం. 55 నుంచి 65 డిగ్రీల సెల్సియస్ వేడి ఉంటుంది. ఆ వేడికే కలుపు గింజలు, తెగుళ్ల క్రిములు చాలావరకు చస్తాయి. వాసన వాన పడ్డ అడవిలా ఉండాలి. కుళ్లిన గుడ్ల కంపు వస్తుంటే లోపల గాలి ఆడటం లేదు, తిరగేసేవాళ్లు లేరని అర్థం. అమోనియా ఘాటు వస్తే పచ్చి చెత్త ఎక్కువై ఎండుటాకులు తక్కువైనట్టు. కర్బనం, నత్రజని ముప్పైకి ఒకటి చొప్పున ఉండాలని లెక్క. చేతిలో లెక్క ఏమిటంటే పచ్చిది ఒక బుట్ట వేస్తే ఎండుది రెండు బుట్టలు. చల్లగా, తడితడిగా, పైన ప్లాస్టిక్ సంచులు తేలుతున్న కుప్ప కనిపిస్తే ఆ బృందంలో పని పంపకం ఎలా ఉందో ఎవరూ చెప్పనక్కర్లేదు.

పెంట కథకు వస్తా. ఒక ఏడాది మా బృందానికి ఎవరో ఉచితంగా గుర్రపు పెంట ఇచ్చారు. నల్లగా, మెత్తగా, బంగారంలా ఉంది. పోటీపడి మోసుకెళ్లాం. మూడు వారాలకు నా టమాటా చిగుళ్లు ముడుచుకుని పిడికిలి బిగించినట్టు అయిపోయాయి. చిక్కుడు మొక్కల ఆకులు దోనెల్లా వంకరపోయాయి. వైరస్ అనుకున్నా. తర్వాత తెలిసింది, పచ్చిక బయళ్లలో వెడల్పాకు కలుపును చంపడానికి కొట్టే కొన్ని మందులు గడ్డిలో అలాగే ఉండిపోతాయని. అమినోపైరాలిడ్ అలాంటిదే. గడ్డి తిన్న గుర్రం కడుపు దాటి, పెంటలోకి వచ్చి, కంపోస్ట్ అయినా చావదు. 2008లో బ్రిటన్‌లో ఎన్నో అలాట్‌మెంట్ తోటలు దీనివల్లే దెబ్బతిని, కొంతకాలం ఆ మందు అమ్మకాలు ఆపేశారు. మేం సేంద్రియమని గర్వంగా వేసుకున్నది గుర్రం మోసుకొచ్చిన కలుపుమందు!

అప్పటి నుంచి బయటి ఎరువు ఏది వచ్చినా చిన్న పరీక్ష చేస్తాం. ఆ ఎరువు కలిపిన మట్టి మూడు కుండీల్లో, మామూలు మట్టి మూడు కుండీల్లో పోసి బీన్స్ గింజలు నాటడం. మూడు నాలుగు వారాల్లో ఆకులు ముడుచుకుంటే ఆ ఎరువు వద్దు. బయటి పెంటను పరీక్షిస్తారా అని అడిగితే ఈ కుండీలు చూపించే బృందంలో కళ్లు మూసుకుని చేరొచ్చు.

పంట లేని పని: నేల సంరక్షణ బృందాలు

ఇవి పూర్తిగా వేరే లోకం. వాగు గట్టు, గుట్ట, పాడుబడ్డ అడవి ముక్క, చెరువు అంచు లాంటి చోట్ల పరాయి కలుపు తీసి, అక్కడి మొక్కలు తిరిగి వచ్చేలా చేస్తారు. ఆస్ట్రేలియాలోని విక్టోరియా రాష్ట్రంలో 1986లో లాండ్‌కేర్ అనే నేల సంరక్షణ ఉద్యమం మొదలైంది. అప్పటి మంత్రి జోన్ కిర్నర్, రైతుల సమాఖ్య అధ్యక్షురాలు హెదర్ మిచెల్ కలిసి దానికి ఊపిరి పోశారు. ప్రకృతి ప్రేమికులు ఒకవైపు, రైతులు ఒకవైపు అన్న గీత చెరిపేయడమే అందులో విశేషం. ఒక్కడి పొలంలో ఉప్పు తేలితే, మట్టి కోసుకుపోతే అది పక్కవాడిదీ అవుతుంది కదా.

అంతకు ముందే సిడ్నీలో బ్రాడ్లీ అక్కచెల్లెళ్లు జోన్, ఐలీన్ తమ ఇంటి దగ్గరి అడవి ముక్కల్లో కలుపు తీస్తూ ఒక పద్ధతి కనిపెట్టారు. మనమైతే కలుపు బాగా దట్టంగా ఉన్నచోట నుంచి మొదలుపెడతాం. వాళ్లు దాన్ని తిరగేశారు. బాగున్నచోట నుంచి పాడైనచోటికి వెళ్లాలి. మట్టిని కదిలించడం ఎంత తగ్గితే అంత మంచిది. స్థానిక మొక్కలు ఎంత వేగంగా తిరిగొస్తే అంత వేగంగానే ముందుకు కదలాలి, తొందరపడి జాగా ఖాళీ చేస్తే మళ్లీ కలుపే నిండుతుంది. రెండు గంటలు మోకాళ్ల మీద కూర్చుని చాపంత జాగా శుభ్రం చేసి, ఆకులు మళ్లీ కప్పి లేస్తే, అక్కడ ఎవరూ ఏమీ చేయనట్టు ఉంటుంది. అదే గెలుపు. ఈ పని నచ్చేవాళ్లకు పిచ్చిగా నచ్చుతుంది, నచ్చనివాళ్లు మూడో వారం కనపడరు. ఇంటికి ఏమీ పట్టుకెళ్లరు, నడుంనొప్పి తప్ప.

ఇక్కడ ముందే తెలుసుకోవాల్సిన విషయం ఒకటుంది. పర్యావరణ బృందం అంటే రసాయనాలు ముట్టని బృందం అని మీరు అనుకుంటే షాక్ తగలొచ్చు. మొండిగా చిగిర్చే పరాయి చెట్లను నరికి, ఆ మోడు మీద వెంటనే బ్రష్‌తో గ్లైఫోసేట్ అనే కలుపుమందు పూసే బృందాలు చాలా ఉన్నాయి. వాళ్ల వాదన వాళ్లకుంది. వేళ్లతో సహా పెకలిస్తే గట్టు కూలుతుంది, వదిలేస్తే వాగంతా అదే అల్లుకుంటుంది. అటువైపు సేంద్రియ తోట బృందాలూ ఏమీ కొట్టకుండా ఉండవు. తెగుళ్లకు రాగి మందు వాడతారు. రాగి లోహం, నేలలో పేరుకుంటుందే తప్ప విరిగిపోదు. పైరెత్రం అనే పురుగుమందును పువ్వుల నుంచే తీస్తారు, కానీ తేనెటీగలకు, చేపలకు విషమే. ఒకరికి పంటలో రసాయనం ఉండకూడదన్నది గీత, ఇంకొకరికి ఆ జాగా తన మొక్కలతో తాను బతకాలన్నది గీత. రెండూ కలిసే సందర్భాలు ఎక్కువే గానీ కలవని రోజు రాకుండా ఉండదు. మీ గీత ఏదో ముందే తేల్చుకోండి. నేను బయటికొచ్చిన రెండింటిలో ఒకటి ఈ బ్రష్ దగ్గరే. ఇప్పుడు ఆలోచిస్తే వాళ్ల మాటలోనూ న్యాయముందనిపిస్తుంది. నాకు మాత్రం చేతులు రాలేదు.

చెట్లు నాటే బృందాలు కూడా ఈ కోవలోకే వస్తాయి గానీ, వాటిని కాస్త అనుమానంగానే చూస్తాను. ఎన్ని నాటారని కాకుండా, పోయినేడు నాటినవాటిలో ఎన్ని బతికాయని అడగండి. సహజమైన గడ్డిమైదానంలో చెట్లు నాటడం సేవ కాదు, అక్కడ గూడు కట్టే పిట్టల ఇల్లు కూల్చడం. ఆ తేడా తెలిసిన బృందం అయితే మంచిది.

పాఠాలు చెప్పే బృందాలు

పర్మాకల్చర్ అనేది 1970ల్లో ఆస్ట్రేలియాలో బిల్ మాలిసన్, డేవిడ్ హోమ్‌గ్రెన్ రూపొందించిన పద్ధతి. 72 గంటల డిజైన్ కోర్సు దాని ముద్ర. నీళ్లు ఎటు పారతాయి, ఎండ ఎటు పడుతుంది, ఏది వంటింటికి దగ్గరుండాలి అని స్థలం మొత్తాన్ని ఒక్కటిగా చూడటం నేర్పుతారు. సొంత స్థలం ఉండి, ఇంకా ఏమీ మొదలుపెట్టనివాళ్లకు పనికొస్తుంది. కుండీలు మాత్రమే ఉన్నవాళ్లకు ఆ డబ్బు, టైమ్ దండగ. అమెరికా ఈశాన్య రాష్ట్రాల్లో 1971 నుంచి ఉన్న సేంద్రియ రైతుల సంఘం నోఫా, ఇళ్ల చుట్టూ పచ్చిక, పూలమొక్కలు చూసుకునే పనివాళ్లకు కూడా సేంద్రియ పద్ధతుల్లో శిక్షణ ఇస్తుంది. తోటపనే వృత్తి అయినవాళ్లు అలాంటివి వెతుక్కోవాలి.

వాట్సాప్ బృందాల గురించి ఎక్కువ చెప్పను. ఆకు ఫొటో పెడితే పది నిమిషాల్లో పదకొండు జబ్బుల పేర్లు వస్తాయి. అదనంగా ఉంచుకోవచ్చు, అదొక్కటే పెట్టుకుని తోట నడపలేం.

ఇక తేల్చుకోవడం

వారానికి రెండు గంటలే ఉండి, కూరలు పండించాలని ఉంటే ఉమ్మడి తోట. వారానికి మూడు నాలుగు పూటలు వెళ్లగలిగి, ఒకరి మాట వినడం ఇష్టం లేకపోతే పావు మడి. జాగా లేదు, ఓపిక ఉంది, రాసుకునే అలవాటు ఉంది అంటే విత్తనాలు. పిల్లలను తీసుకెళ్లాలనుకుంటే కంపోస్ట్ బృందాన్ని తక్కువ అంచనా వేయకండి, వానపాము కనిపిస్తే వాళ్లు ఇంటికి రారు. పంట మీద ఆశ లేదు, నిశ్శబ్దం కావాలి అంటే వాగు గట్టు. మోకాళ్ల నొప్పులు ఉన్నవాళ్లు దానికి దూరంగా ఉండి, నారు పోసే పనో పొట్లాలు కట్టే పనో అడగాలి. మంచి బృందం కూర్చుని చేసే పని ఎప్పుడూ మిగిల్చి ఉంచుతుంది.

రెండింట్లో చేరతానంటారా? మొదటి ఏడాది వద్దు. రెండుచోట్లా నీళ్లు పెట్టే రోజు ఒకటే అవుతుంది, నిజం!

చూడటానికి వెళ్లేటప్పుడు ప్రారంభోత్సవానికో, విత్తనాల జాతరకో వెళ్లకండి. ఆ రోజు అన్ని బృందాలూ బాగుంటాయి. దాని తర్వాతి వారం, మబ్బుగా ఉన్న మామూలు రోజున వెళ్లండి. ఎంతమంది వచ్చారో లెక్కపెట్టండి. పనిముట్లు కడిగి పెట్టారా, గది తాళం ఒక్కరి దగ్గరే ఉంటుందా, డబ్బు లెక్కలు అడిగితే పుస్తకం తీస్తారా మాట మారుస్తారా చూడండి. పోయినేడు మానేసినవాళ్లు ఎందుకు మానేశారో ఒకరిని విడిగా అడగండి, అందరి ముందూ వద్దు. తర్వాత కంపోస్ట్ కుప్ప ఎక్కడుందో అడిగి, చొక్కా చేయి పైకి మడిచి, పైపొర పక్కకు తీయండి. వద్దని ఎవరూ ఆపకపోతే, పక్కన నిలబడి ఇంకాస్త లోపలికి పెట్టండి అని ఎవరైనా అంటే, సభ్యత్వం కాగితం అడగండి.